రీలులో ఉన్నాం, కార్డులో లేం

దళితుల చరిత్రకు రాతపూర్వక ఆధారాలు లేవు, మౌఖిక చరిత్రే గతి అన్న మాట మేము పరిశోధనలో చేరిన మొదటి ఏడాది సెమినార్లోనే విన్నాం. అన్నవాళ్లు మంచి ఉద్దేశంతోనే అని ఉండొచ్చు. మౌఖిక చరిత్రంటే మాకు చిన్నచూపు లేదు. మా అవ్వలు చెప్పిందే మా మొదటి పాఠం. మా పేచీ అంతా ‘లేవు’ అన్న మాట దగ్గరే. ఆ సెమినార్ హాలుకు కూతవేటు దూరంలో, లైబ్రరీ ఇనుప బీరువాల్లో, ఆ ఆధారాలు రీళ్లుగా చుట్టుకుని ఉన్నాయి. వాటిని చూపించాల్సిన కేటలాగు చూపించలేదు. లేకపోవడం వేరు, కనపడనీయకపోవడం వేరు. మేము మాట్లాడేది రెండోదాని గురించి.

కథను విమర్శిస్తారు, నవలను విమర్శిస్తారు, చరిత్ర పుస్తకాన్ని విమర్శిస్తారు. కేటలాగు జోలికి మాత్రం ఎవరూ పోరు. అదొక పనిముట్టు, దానికి కులమేంది అంటారు. కేటలాగు కూడా ఒక రచనే అని మా వాదన. దాన్ని రాసినవాళ్లున్నారు. వాళ్లకో చూపుంది. ఎవర్ని ఊళ్లో ఉంచాలి, ఎవర్ని వాడలో ఉంచాలి అన్న నిర్ణయం దాంట్లో ఉంది.

1. ఒక రీలు సంగతి

మేము వెతికింది 1920, 30ల నాటి ఆది ఆంధ్ర సభల వివరాల కోసం. కార్డుల సొరుగుల్లో వెతికాం, కంప్యూటర్లో వెతికాం. దళిత అని కొడితే నిన్న మొన్నటి పుస్తకాలు నాలుగొచ్చాయి. ఆది ఆంధ్ర అని కొడితే ఏమీ రాలేదు. నెలలు గడిచాయి. మైక్రోఫిల్మ్ గదిలో రీడరు మీద రీళ్లు ఎక్కించే అటెండరు ఒకాయన మమ్మల్ని రోజూ చూస్తున్నాడు. ఒకరోజు, “ఏం ఎతుకుతున్నారు సార్?” అని అడిగాడు. చెప్పాం. “మనోళ్ల మీటింగులా? అవి నేను చూసినా. ఆ కింద అరలో డబ్బాలో ఉంటయ్,” అని తెచ్చిచ్చాడు.

డబ్బా మీద, కార్డు మీద ఉన్నది ఒకే మాట: ‘తెలుగు పత్రికలు, ఇతరములు. 1 రీలు. 35 మి.మీ.’ రీలు మొదట్లో పేరున్న పత్రిక ఒకటి. అది అయిపోయాక, ఎవరూ చెప్పని చోట, మా వాళ్లు నడిపిన చిన్న పక్షపత్రిక సంచికలు కొన్ని. సభ కబుర్లు, బడి కావాలన్న అర్జీలు, చెరువు నీళ్ల తగాదా, నాలుగణాలు, ఎనిమిదణాలు చందా ఇచ్చినవాళ్ల పేర్లు ఊరి పేర్లతో సహా. మాలో ఒకరి ఊరు ఆ చందా జాబితాలో ఉంది. ఆ ఊళ్లో మా వాళ్లకు అక్షరమ్ముక్క రాదని చెప్పుకుంటూ పెరిగిన మనిషి ఆ తెర ముందు చాలాసేపు లేవలేదు.

ఇతరములు అంటే ఎవరు? మేమే. ఆ అటెండరుకు తెలిసింది కేటలాగుకు తెలియదు. ఆయన చదివి, గుర్తుపెట్టుకుని, అడిగినవాళ్లకు దారి చూపాడు. కేటలాగు చేయాల్సిన పని అదే కదా. ఆయన చేస్తే దానికి విలువ లేదు, ఎక్కడా నమోదు లేదు. తర్వాత ఆయన రిటైరయ్యాడు. ఆయనతో పాటే ఆ కేటలాగూ ఇంటికి పోయింది.

2. ఫిల్మ్‌కు ఒకటే వాకిలి

పుస్తకం అరలో ఉంటే, కేటలాగు తప్పు చెప్పినా, పక్క పుస్తకం కోసం పోయినవాడి చేతికి తగలొచ్చు. తిరగేస్తే తెలుస్తుంది. ఫిల్మ్‌కు ఆ అదృష్టం లేదు. వంద అడుగుల 35 మి.మీ. రీలులో వార్తాపత్రిక పేజీలు వందల్లో పడతాయి. మైక్రోఫిష్ 105 మి.మీ. వెడల్పు, 148 మి.మీ. పొడవు ఉన్న రేకు. 24 రెట్లు తగ్గించి తీస్తే ఒక్కదాంట్లో 98 పేజీలు. మామూలు కంటికి కనిపించేది పైన ఉండే శీర్షిక పట్టీ ఒక్కటే. మిగతాదంతా రీడరు వెలుతురులోనే. అంటే ఫిల్మ్ మీదున్న మనిషి దగ్గరికి పోవడానికి ఉన్న ఒకే వాకిలి కేటలాగు. అది మూస్తే లోపల ఎంతమంది ఉన్నా లేనట్టే.

ఇక్కడే చిన్న పత్రికకు అన్యాయం జరుగుతుంది. ఏళ్ల తరబడి నడిచిన ధనవంతుల పత్రికకు ఎన్నో రీళ్లు, ప్రతి రీలుకూ సంవత్సరం, నెల. పది సంచికలతో ఆగిపోయిన పత్రిక ఒక రీలు నిండదు. కాబట్టి నాలుగింటిని ఒకే రీలుకు ఎక్కిస్తారు. కార్డు మీద మొదటి పేరే ఎక్కుతుంది. లోపలి ఒక్కోదానికి విడిగా ఎంట్రీ రాయడాన్ని విశ్లేషక ఎంట్రీ అంటారు. ఆ పద్ధతి లైబ్రరీ శాస్త్రంలో ఎప్పటినుంచో ఉంది. కష్టమని చేయరు. ఎవరి విషయంలో చేయలేదో చూస్తే కష్టం సంగతి అర్థమవుతుంది.

పెద్ద సెట్ల సంగతి ఇంకా దారుణం. నెదర్లాండ్స్‌కు చెందిన ఐ.డి.సి. అనే సంస్థ లండన్ మిషనరీ సొసైటీ రికార్డులను, మెథడిస్టు మిషన్ రికార్డులను, పాత జనగణన రిపోర్టులను మైక్రోఫిష్ చేసి లైబ్రరీలకు అమ్మింది. లండన్ మిషన్ వాళ్లు కడప, బళ్లారి జిల్లాల్లో పనిచేశారు. ఆ ఉత్తరాల నిండా మాల పేటల కబుర్లు ఉంటాయి. వేల రేకుల సెట్‌కు మన లైబ్రరీల్లో కనిపించేది చాలాసార్లు ఒక్క కార్డు, అదీ మిషన్ పేరు మీద. పిలిచినవాడి పేరు కార్డు మీద ఉంది, పలికినవాడి పేరు లేదు.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో పి.ఎల్. 480 కింద, గోధుమలమ్మగా వచ్చిన రూపాయలతో, ఢిల్లీ ఆఫీసు ద్వారా మన పుస్తకాలు కొనడం మొదలెట్టింది. తర్వాత ఆ ఆఫీసు కరపత్రాలను, చిన్న పుస్తకాలను విషయాలవారీగా కుప్పచేసి మైక్రోఫిష్ కూడా తీసింది. అవి ఇంకా బతికున్నందుకు సంతోషమే. కానీ కుప్పకొక రికార్డు ఉంటే, కుప్పలో ఉన్న కరపత్రం రాసినవాడి పేరు ఎవరికి దొరుకుతుంది? ఉద్యమంలో కరపత్రమే మన గ్రంథం. దాన్ని గ్రంథంగా లెక్కేయరు.

ఇంకో మెలిక ఉంది. 1978 నాటి ఆంగ్లో అమెరికన్ కేటలాగింగ్ నియమావళి రెండో కూర్పు, చేతిలో ఉన్న ఫిల్మ్‌నే వర్ణించమంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దానికి ఒప్పుకోకుండా, అసలు పుస్తకాన్ని వర్ణించి ఫిల్మ్ వివరాలు నోట్‌లో పెట్టింది. ఇది లైబ్రేరియన్ల గొడవ అనుకోవద్దు. రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న నడిపిన ‘జయభేరి’ లాంటి పత్రికకు, ఫిల్మ్ తీసిన ఊరు, తీసిన ఏడాదే ముందు రాస్తే ఏమవుతుంది? పత్రిక పుట్టిన ఊరు, ఏడాది వెనక్కి పోతాయి. ఊరూ పేరూ లేకుండా చేయడమంటే అదే.

చివరిగా ఒక మాట. ఫిల్మ్ మీద వెండి లవణాలను పట్టి ఉంచేది జెలటిన్. జెలటిన్ పశువుల తోళ్లనుంచి, ఎముకలనుంచి వస్తుంది. తోలును ముట్టుకున్నందుకు అంటరానివాడయినవాడి చరిత్ర, ఆ తోలు సారం మీదే అచ్చయి ఏసీ గదిలో భద్రంగా ఉంది. తోలుకు చోటు దొరికింది, మనిషికి దొరకలేదు.

3. ఒక ఇల్లు, ఎనిమిది సొరుగులు

మాలో ఒకరి తాత 1915 ప్రాంతంలో కోస్తాలో పుట్టాడు. అప్పటికి సర్కారు కాగితంలో ఆయన పంచముడు. 1917లో బెజవాడలో పంచమ మహాసభగా పిలిచిన సభ, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన, ఆ పేరు కాదని ఆది ఆంధ్ర అని పెట్టుకుంది. 1922లో, ఎం.సి. రాజా శాసనమండలిలో తెచ్చిన తీర్మానం తర్వాత, మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరు ఒప్పుకుంది. రౌండ్ టేబుల్ సమావేశాల కాగితాల్లో ఆయన డిప్రెస్డ్ క్లాస్. 1933లో గాంధీ పెట్టిన పత్రిక పేరుతో హరిజనుడు. 1936 ఉత్తర్వుతో షెడ్యూల్డ్ కులం. బాప్తిస్మం తీసుకున్న ఆయన తమ్ముడు జనగణనలో క్రైస్తవుడు, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత షెడ్యూల్డ్ కులం కూడా కాదు. నిజాం రాజ్యంలోని చుట్టాలు 1931 జనగణనలో ఆది హిందువులు. మనవడు దళితుడు. ఒక ఇంటి మనుషులు ఎనిమిది సొరుగుల్లో ఉన్నారు. ఒక సొరుగు నుంచి ఇంకో సొరుగుకు దారి చూపే ‘ఇది కూడా చూడండి’ అన్న కార్డు లేదు.

దాని ఫలితం ఏందంటే, మన చరిత్ర మనకు కావాలంటే మనల్ని ఎవరెవరు ఏమేం తిట్టారో ముందు కంఠస్థం చేయాలి. మన పేరుతో మనం దొరకం. 1878 జూలై 3న ఒంగోలు మిషన్ వాళ్లు ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్ల గురించి ఆ మిషన్‌కే చెందిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అనే పుస్తకం రాసింది. దాని ఉపశీర్షికలో మాదిగ అన్న మాట లేదు, ‘తెలుగు పరయ తెగ’ అన్న అర్థం వచ్చే మాట ఉంది. శీర్షిక చూసి కేటలాగు చేస్తే మాదిగ అని వెతికే విద్యార్థికి అది దొరకదు.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ విషయ శీర్షికల్లో చాలాకాలం మనం ‘అన్‌టచబుల్స్’. తర్వాతే ‘దళిత్స్’ అని మార్చారు. ఆ శీర్షికల్లో ఉన్న జాతి వివక్షను, స్త్రీ వివక్షను శాన్‌ఫర్డ్ బెర్మన్ అనే అమెరికన్ లైబ్రేరియన్ 1971లోనే పుస్తకం రాసి ఎండగట్టాడు. మన దగ్గర అలాంటి పని జరగలేదు. అక్కడ మార్చిన తర్వాత కూడా ఇక్కడి పాత కార్డులు, వాటిని చూసి ఎక్కించిన కంప్యూటర్ రికార్డులు చాలాచోట్ల అట్లాగే ఉన్నాయి.

మాలో మాకే ఒక వాదన వచ్చింది. హరిజన అన్న శీర్షికను పూర్తిగా కొట్టేయాలని కొందరు మిత్రులన్నారు. కేంద్ర ప్రభుత్వమే 1982లో ధ్రువపత్రాల్లో ఆ మాట రాయొద్దంది కదా అన్నారు. వాళ్ల కోపం మాకు తెలుసు. కానీ అదే ప్రభుత్వం 2018లో టీవీ చానళ్లకు దళిత అన్న మాట వాడొద్దని కూడా చెప్పింది. సర్కారు కొట్టేయమన్నదల్లా కొట్టేస్తూ పోతే మిగిలేది ఖాళీ సొరుగే. కాబట్టి మేమనేది, పాత పేరు దారిగా ఉండాలి, ఇల్లుగా ఉండకూడదు. హరిజన అని వెతికినవాణ్ని దళిత దగ్గరికి పంపాలి. పత్రికవాళ్లు తమను తాము ఆది ఆంధ్ర అనుకుంటే ఆ పేరును అట్లాగే నిలపాలి. దళిత అన్న ఒక్క మాట కింద అందర్నీ పోసేయడమూ న్యాయం కాదు. 1994లో ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా మనకు నేర్పిన పాఠం అది. మాల, మాదిగ, రెల్లి, డక్కలి, ఎవరి పేరు వాళ్లకు కార్డు మీద కావాలి.

4. వచ్చే జవాబులు

కేటలాగుకు పక్షం ఉండదు, శీర్షికలో ఉన్నదే రాస్తాం అంటారు. మరి ‘ఇతరములు’ ఏ శీర్షికలో ఉంది? అది కేటలాగర్ సొంత మాట. సిబ్బంది లేరంటారు. నిజమే, ఖాళీలు నింపమని మేమూ అడుగుతున్నాం. ఉన్న సిబ్బంది సమయం ముందు ఎవరి సెట్ మీద పెట్టారన్నదే ప్రశ్న. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలని రంగనాథన్ 1931లో సూత్రం చేశాడు. పరీక్షల్లో ఆ సూత్రం అందరూ రాస్తారు. మాలాంటి పాఠకుడు తలుపు దగ్గరకొచ్చేసరికి సూత్రం మర్చిపోతారు.

ఇప్పుడు ఇంకో జవాబు వచ్చింది. ఫిల్మ్ కాలం అయిపోయింది, అంతా స్కాన్ అవుతోంది, రీడర్లకు స్పేర్ పార్టులు కూడా దొరకవు అంటారు. స్కాన్ చేసేది చాలావరకు ఈ ఫిల్మ్‌నుంచే. దాంతో పాటు ఎక్కేది ఈ కార్డే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎంత వంకరగా ఎక్కాయో వెతికినవాళ్లందరికీ అనుభవమే. సొరుగులో ఉన్న తప్పు తెర మీదకు పోతే వెయ్యి మందికి చేరుతుంది, అంతే. పైగా స్కాన్ అయిందన్న పేరుతో రీలును పారేస్తే, దిద్దుకునే ఆధారం కూడా ఉండదు. పాత ఎసిటేట్ ఫిల్మ్ పులిసిన వెనిగర్ వాసన కొట్టి ముడుచుకుపోతుంది. అంటే మన దగ్గర వ్యవధి కూడా ఎక్కువ లేదు.

5. మనం చేయాల్సింది

తప్పంతా వాళ్లదేనని చెప్పి తప్పుకోలేం. మన సంఘాలు వేసిన కరపత్రాలు, తెచ్చిన పత్రికలు మన ఇళ్లల్లోనే చెదలు తిన్నాయి. కారంచేడు, చుండూరు రోజుల కాగితాలు ఎన్ని మన దగ్గర భద్రంగా ఉన్నాయో ఎవరికి వారు అడుక్కోవాలి.

లైబ్రరీల ముందు మేము పెట్టేవి నాలుగు డిమాండ్లు. ఒకటి, రీలులో ఉన్న ప్రతి పత్రికకు, ప్రతి కరపత్రానికి ఫ్రేము నంబరుతో విడి ఎంట్రీ. రెండు, పుట్టిన ఊరు, ప్రెస్సు, సంపాదకుడు, ఏడాది మొదట, ఫిల్మ్ వివరాలు తర్వాత. మూడు, పేర్లన్నిటి మధ్య రెండువైపులా దారులు, తెలుగు లిపిలో. నాలుగు, రీళ్లు మోసిన, ఎక్కించిన సిబ్బందికి తెలిసింది రాసుకోవడం, వాళ్ల పేరుతో సహా.

పరిశోధక మిత్రులకు ఒక మాట. ఫిల్మ్ చూసినప్పుడు నోట్సు మీ థీసిస్‌కు ఒక కాపీ, లైబ్రరీకి ఒక కాపీ రాయండి. ఏ రీలులో ఎన్నో ఫ్రేములో మనవాళ్లున్నారో ఇంకొకరికి చెప్పండి. మేము ఆ డబ్బా మీదున్న కాగితం కింద ఇంకో కాగితం అంటించి వచ్చాం. దాని మీద పత్రిక పేరు, ఊరు, సంచికలు, ఫ్రేము నంబర్లు రాశాం. పైన ఉన్న ‘ఇతరములు’ను కొట్టేయలేదు. అది ఎవరి రాతో రేపు వచ్చేవాళ్లకు కూడా తెలియాలి.