చివరి చుక్క చోటులో సున్నా

192.168.1.10 అని మనం చదివే చిరునామా సాకెట్‌కు నాలుగే బైట్లు. ఆ బైట్లను తిరిగి మనం చదివే అక్షరాలుగా మార్చడం పెద్ద కంప్యూటర్ మీద ఎవరూ పట్టించుకోని పని. ర్యామ్ పదుల కిలోబైట్లలో ఉండే బోర్డు మీద మాత్రం అక్షరం అక్షరానికీ లెక్క చూసుకోవాలి. అలాంటి బోర్డుల కోసమే స్వీడన్‌లో ఆడమ్ డంకెల్స్ మొదలుపెట్టిన ఎల్‌డబ్ల్యూఐపీ అనే నెట్‌వర్క్ స్టాక్‌లో ఈ పని చేసే ఫంక్షన్ ఒకటుంది. దాని పేరు ఎన్‌టీఓఏ_ఆర్ అని ముగుస్తుంది. మొత్తం ఒక్క పేజీలో పట్టేస్తుంది. సీ భాషలో ఇంత పొదుపైన పనితనం నేను అరుదుగా చూశాను.

ఎవరికైనా ముందు తట్టేది ఎస్‌ప్రింట్‌ఎఫ్. రాసేది ఒక్క వరుసే గానీ, దాని వెంట ఫార్మాటింగ్ కోడ్ అంతా ఫ్లాష్‌లోకి వచ్చి కూర్చుంటుంది. ఈ ఫంక్షన్ దాని జోలికి పోదు. ఒక్కో బైటునూ పదితో భాగిస్తూ శేషాన్ని అంకెగా రాసుకుంటుంది. 168 అయితే 8, 6, 1 అని తిరగేసి వస్తాయి. వాటిని మూడు గడుల అరేలో దాచి, వెనకనుంచి తీసి బఫర్‌లో వేస్తుంది. బైటు 255 దాటదు గనక మూడు గడులు చాలు. లూప్ కూడా ముందు పనిచేసి తర్వాత పరీక్షించే డూ-వైల్. మామూలు వైల్ పెట్టి ఉంటే సున్నా బైటుకు అంకే పడక, 10.0.0.1 కాస్తా 10...1 అయ్యేది. భాగహారంలో బైటు కరిగిపోతుంది కాబట్టి, అసలు చిరునామా చెడకుండా ముందే నకలు తీసుకుంటుంది.

ఈ రంగంలో అందరినీ తిప్పలు పెట్టే బైట్ల వరుస గొడవ ఇక్కడ లేనే లేదు. చిరునామాను 32 బిట్ల సంఖ్యగా చూస్తేనే ఏ బైటు ముందన్న ప్రశ్న పుడుతుంది. ఈ ఫంక్షన్ మెమరీలో మొదటి బైటు దగ్గర మొదలుపెట్టి వరసగా నాలుగూ చదువుతుంది, అంతే. ప్రాసెసర్ ఏదైనా ఫలితం ఒకటే.

నాకు అన్నిటికన్నా నచ్చింది చివరి చుక్క. ఇది ఆఖరి సంఖ్యా కాదా అని లూప్ ఎక్కడా అడగదు. నాలుగో సంఖ్య తర్వాత కూడా చుక్క పెట్టేస్తుంది. లూప్ అయ్యాక ఒక గడి వెనక్కి జరిగి, ఆ చుక్క మీదే స్ట్రింగ్ ముగింపు సున్నా రాస్తుంది. ఆ గడి ఎలాగూ కావలసిందే. 255.255.255.255కు 15 అక్షరాలు, ముగింపుతో 16. బఫర్ అంతకన్నా చిన్నదై చోటు చాలకపోతే, హద్దు దాటి ఒక్క అక్షరమూ రాయకుండా నల్ తిరిగిస్తుంది.

పేరులో ఆర్ లేని జంట ఫంక్షన్ కూడా ఉంది. అది తన సొంత స్టాటిక్ బఫర్‌లోనే రాస్తుంది. ఒకే ప్రింట్‌ఎఫ్‌లో రెండు చిరునామాలకు దాన్ని పిలిస్తే, లాగ్‌లో రెండుచోట్లా ఒకే చిరునామా పడుతుంది. ఫ్రీఆర్‌టీఓఎస్ లాంటి చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ మీద నాలుగైదు టాస్కులు నడుపుతుంటే, ఎవరి 16 బైట్ల బఫర్ వాళ్లకు ఇచ్చి ఆర్ ఉన్నదాన్నే పిలవాలి.