రాయ్ జీవిత చరిత్రలు – విమర్శకుల తీర్పులు

రాజకీయ చింతకుని జీవిత చరిత్రను విమర్శింపబూనినవారు పలువురు గ్రంథమును విడిచి గ్రంథనాయకునే విమర్శింతురు. మానవేంద్రనాథ రాయ్ (1887–1954) విషయమున ఈ దోషము మరింత ప్రబలము. 1967–70 నడుమ గిరిజన రైతాంగ పోరాటమును చూచిన మా శ్రీకాకుళము జిల్లాలో, ఆమదాలవలస వంటి చిన్నయూరి తరగతి గదిలో గూడ, రాయ్ పేరెత్తినచో ‘ద్రోహి’, ‘ద్రష్ట’ యను రెండు మాటలే ముందు వినవచ్చును. పుస్తకము తరువాత వచ్చును.

వి. బి. కార్నిక్ రచించిన రాజకీయ జీవిత చరిత్ర 1978లో వెలువడినది. కార్నిక్ రాయ్‌కు సహచరుడు, కార్మికోద్యమ నాయకుడు. కావున అది శిష్యుని స్తోత్రమని త్రోసిపుచ్చుట సులభము. 1971లో అమెరికా పండితుడు జాన్ పాట్రిక్ హెయిత్‌కాక్స్ ప్రకటించిన గ్రంథమును, పరాయివాడు వ్రాసినాడు గనుక నిష్పాక్షికమని మెచ్చుటయు అంతే సులభము. కాని హెయిత్‌కాక్స్ తన పరిధి 1920–1939 అని శీర్షికలోనే చెప్పుకొనెను. రాయ్‌పై వచ్చిన నిందలలో మిక్కిలి తీవ్రమైన దొకటి ఆ గీటునకు ఆవలిది. రెండవ ప్రపంచ యుద్ధమున ఆయన మిత్రరాజ్యములను సమర్థించెను; ఆయన పక్షమువారి ఇండియన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్‌కు ప్రభుత్వము నెలకు 13,000 రూపాయలిచ్చెను. ఆ సంస్థలో కార్నిక్ స్వయముగా పనిచేసినవాడు. ఈ ఘట్టమున ఆయన సాక్షియు, కక్షిదారుడును. న్యాయస్థానమున కక్షిదారుని వాఙ్మూలమును చించివేయరు. అడ్డుప్రశ్నలు వేసి స్వీకరింతురు. విమర్శకులలో ఇంత ఓపిక గలవారు అరుదు.

1927లో స్టాలిన్ తంతిని రాయ్ వూహాన్‌లో వాంగ్ చింగ్-వేకి చూపిన సంగతియు ఇట్టిదే. జరిగినదానిపై తగవు లేదు, ఉద్దేశముపైననే తగవు.

ఇంతకంటె గట్టి చిక్కు రాయ్ స్వయముగా వ్రాసిన స్మృతులలో నున్నది. 1964లో గ్రంథరూపము దాల్చిన ఆ రచనలో మెక్సికో, మాస్కో, బెర్లిన్ నగరములు కన్నులకు కట్టును. ఎవెలిన్ ట్రెంట్ పేరు మాత్రము కానరాదు. ఆమె ఆయన భార్య. దీనిని దాంపత్య విషయముగా నెంచి విమర్శకులు మర్యాదకై మౌనము వహించుట నాకు సమ్మతము గాదు. 1920 అక్టోబరులో తాష్కెంటున ఏర్పడిన భారత కమ్యూనిస్టు పార్టీ స్థాపక సభ్యులలో ఆమె యొకతె. శాంతీదేవి యను పేర వ్యాసములు వ్రాసినది. ఆమె పేరు లేకపోవుట పార్టీ చరిత్రలోనే లోపము. స్మృతులను ప్రమాణముగా గొన్న జీవిత చరిత్రకారునికి ఆ లోపమును పూరించు భారము తప్పదు. అతడు దానిని ఎట్లు పూరించెనో చూచుటయే విమర్శకు మొదటి పరీక్ష కావలెను.

శిష్యుడైనచో సత్యము చెప్పడను వాదమునకు శివనారాయణ రాయ్ కృషి తగిన సమాధానము. రాయ్ అనుచరుడై యుండియు, ఆయన మానవేంద్రనాథుని రచనలను సంపుటములుగా పరిష్కరించి, 1998–2007 నడుమ నాలుగు భాగముల జీవిత చరిత్రను వెలువరించెను. ఆ గ్రంథముతో విభేదింపదలచిన వానికి గూడ తరువాతి పరిశోధనకు అది ఆధారమే. 2010లో క్రిస్ మంజప్ర జర్మనీ సంబంధములను ముందుకు తెచ్చి రాయ్‌ను మరియొక వెలుగులో చూపెను.

తెలుగు శాఖకు దీనితో పనియేమని కొందరడుగుదురు. త్రిపురనేని గోపీచంద్ రాయ్ పక్షమున పనిచేసినవాడు. వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయాధికారియైన అబ్బూరి రామకృష్ణరావు రాయ్ భావములకు సన్నిహితుడు. 1947 నాటి ‘అసమర్థుని జీవయాత్ర’ను రాయ్ ప్రభావమున కెక్కించు విద్యార్థి, ఏ సంవత్సరపు రాయ్, ఏ గ్రంథములోని రాయ్ అని ముందు చెప్పవలెను. 1920 నాటి మాస్కోలో లెనిన్‌తో వాదించిన రాయ్ వేరు. 1948లో తన పార్టీనే రద్దు చేసిన రాయ్ వేరు.