వేరు పురుగు ఉద్ధృతి – నేల రకం, నేల స్థితి: ఉత్తరాంధ్ర చెరకు సాగుపై విమర్శనాత్మక పరిశీలన

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చెరకు తోటల్లో వేరు పురుగు ఉద్ధృతికి తేలిక నేలలే కారణమన్న వివరణ తరచుగా వినిపిస్తుంది. ఇది అసత్యం కాదు, అసంపూర్ణం. నేల రకం మారదు. నేల స్థితి ఏడాది పొడవునా మారుతుంది. ఈ రెండింటినీ ఒకటిగా చూడడమే ఆ వివరణలోని ప్రధాన లోపం.

ఈ ప్రాంతంలో ప్రధానంగా కనిపించే హోలోట్రైకియా కన్సాంగ్వినియా ఏడాదికి ఒక తరమే పూర్తి చేసుకుంటుంది. తొలకరికి నేల మెత్తబడగానే పెంకు పురుగులు సంధ్యవేళ వెలికివచ్చి, వేప, రేగు వంటి చెట్లపై చేరి, తెల్లవారేలోగా తిరిగి మట్టిలోకి పోతాయి. మట్టిలో పెట్టిన గుడ్డు తేమ పీల్చుకొని ఉబ్బుతుంది. ఎండిన మట్టిలో పొదగదు. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న గరప నేల పురుగు కదలికకు అనుకూలం. నీరు నిలిచిన నేల ప్రతికూలం. అంటే నేల రకం అవకాశాన్ని కల్పిస్తుంది. అది ఫలించేదీ లేనిదీ తొలకరి తరువాతి తేమ నిర్ణయిస్తుంది.

ఈ భేదాన్ని విస్మరిస్తే గణాంకాలు కూడా తప్పుదారి పట్టిస్తాయి. పై మట్టి ఎండినప్పుడు ఎదిగిన పురుగు తేమను వెతుక్కుంటూ లోతుకు దిగుతుంది. ఒకే లోతు వరకు తవ్వి లెక్కిస్తే సంఖ్య తగ్గినట్లు కనిపిస్తుంది. పురుగు చోటు మారడాన్ని, పురుగు చావడాన్ని సహసంబంధ గుణకం వేరుచేసి చూపలేదు. లోతులవారీగా పురుగుల సంఖ్యను, తేమను కలిపి నమోదు చేసినప్పుడే నిర్ధారణకు ఆధారం దొరుకుతుంది. మొక్క తోటో కార్శి తోటో పేర్కొనడమూ అవసరమే. కార్శిలో దుబ్బుల కింది మట్టి దున్నకానికి లోనుకాక పురుగుకు ఆశ్రయమవుతుంది.

నివారణకూ ఇదే వర్తిస్తుంది. అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం పరిశీలించిన మెటారైజియం వంటి శిలీంధ్రాలు విలువైన ప్రత్యామ్నాయాలు. అయితే పురుగు గుడ్డుకు కావలసిన తేమే శిలీంధ్ర బీజానికీ కావాలి. వర్షాధార తోటలో ఎండిన మట్టిలో వేస్తే ఫలితం తగ్గుతుంది. దానితో కలిపే పశువుల ఎరువు చివకనిదైతే లేత పురుగుకు ఆహారమవుతుంది. కనుక ఎకరానికి ఎంత అన్న మోతాదు ఒక్కటే చాలదు; నేల ఏ స్థితిలో ఉన్నప్పుడు వేయాలన్న షరతు సిఫారసులో భాగం కావాలి.

మూడవ దశ పురుగు వేర్లను కొరికివేయగా, దుబ్బు చేతితో లాగితే ఊడివచ్చే నాటికి రైతుకు చేయగలిగింది స్వల్పం. నేల రకాన్ని అతడు మార్చలేడు. తేమను, దున్నకాన్ని, ఎరువును కొంతవరకైనా అదుపు చేయగలడు. పరిశోధన దృష్టి అటు మళ్ళినప్పుడే దాని ఫలితం పొలానికి చేరుతుంది.