గింజ నుంచి గింజ దాకా కాస్మోస్

కాస్మోస్ మొక్క నడుమెత్తు దాటి, పచ్చగా ఏపుగా పెరిగి, ఒక్క మొగ్గ కూడా తొడగలేదంటే ముందు అనుమానించాల్సింది ఎరువు సంచిని. పశువుల ఎరువు, వర్మీకంపోస్టు, వేపపిండి దట్టించిన కుండీలో ఈ మొక్క ఆకు మీదికే పోతుంది. కాండం మెత్తబడి, ఒక్క గట్టి వానకే పక్కకు ఒరుగుతుంది. అదే గింజ ప్రహరీ వారన, ఇసుక పాలున్న ఎర్రనేలలో పడితే పొట్టిగా, గట్టిగా పెరిగి విరగబూస్తుంది. గులాబీకి, చామంతికి చేసే సేవలు దీనికి చేయకూడదు. ఈ సంగతి పట్టుబడితే మిగతా పని తేలికే.

ఆ గుణం పుట్టింటి నుంచి వచ్చింది. కాస్మోస్ మెక్సికో మొక్క. అక్కడి గింజలు స్పెయిన్ చేరాక, మాడ్రిడ్‌లోని రాచ ఉద్యానంలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త అంటోనియో హోసే కవనీలెస్ 1791లో దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. డేలియాకు అదే ఏడు పేరు పెట్టిందీ ఆయనే. మన దసరా గుమ్మాలకు కట్టే బంతి కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఈ మూడూ చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానివే.

తెలుగు ఇళ్లలో కనిపించేవి ప్రధానంగా రెండు రకాలు. గులాబి, తెలుపు, ముదురు ఎరుపు రంగుల్లో పూసే కాస్మోస్ బైపిన్నేటస్ ఆకులు సోంపు ఆకులా సన్నటి పోగులుగా ఉంటాయి. పసుపు, నారింజ పూల కాస్మోస్ సల్ఫ్యూరియస్ ఆకులు వెడల్పు, ఎండకు ఓర్పు కూడా ఎక్కువ. మొదటిది మన దగ్గర చలికాలం పువ్వు. రెండోది వానాకాలంలోనూ పూస్తుంది. పలుచోట్ల పెరటి గోడ దాటి రోడ్డు పక్కన తనంత తానే మొలుస్తోంది కూడా. కొత్తగా మొదలుపెట్టేవారు నారింజ రకంతో మొదలుపెడితే నిరాశ ఉండదు.

ఇక కాలం. కాస్మోస్ పగటి పొడవును బట్టి నడుచుకునే మొక్క. రాత్రులు పెరుగుతూ పగళ్లు తగ్గుతున్నప్పుడు త్వరగా మొగ్గ తొడుగుతుంది. అందుకే చలి త్వరగా ముంచుకొచ్చే దేశాల్లో పాత రకాలు పూతకొచ్చేసరికే మంచు కురిసేది. 1930ల్లో పేరు తెచ్చుకున్న ‘సెన్సేషన్’ లాంటి త్వరగా పూసే రకాలతో ఆ చిక్కు తీరింది. మన దగ్గర చిక్కు వేరు. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి పొడవైన పగలు 13 గంటల పైచిలుకు, అతి చిన్నది 11 గంటల పైచిలుకు. పగటి పొడవు పూతకు అడ్డు కాదు, మండే ఎండాకాలమే అడ్డు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వానలు తెరిపిచ్చాక గులాబి రకం గింజలు వేస్తే చలి రోజుల్లో నిండుగా పూస్తుంది. డిసెంబరు దాకా ఆలస్యం చేస్తే జానెడు మొక్కకే మొగ్గ వచ్చి, కొమ్మలు వేసే వ్యవధి దొరకదు.

గింజ వేయడానికి నారుమడి అక్కర్లేదు. అర సెంటీమీటరు లోతున వేసి, పైన పలచగా మట్టి కప్పి, తడి ఆరకుండా చిలకరిస్తే వారం పది రోజుల్లో మొలకలు లేస్తాయి. నీళ్లు నిలిచాయో, మొదలు కుళ్లి చచ్చిపోతాయి. నాలుగు ఆకులు వచ్చాక మొక్కకూ మొక్కకూ అడుగు దూరం ఉండేలా మిగతావి పీకేయాలి. ఇక్కడే చాలామందికి చెయ్యి రాదు. కానీ ఒత్తుగా వదిలేసిన మొక్కలు గాలి ఆడక బూడిద తెగులు పాలవుతాయి.

మొక్క అడుగెత్తు కాగానే తల తుంచాలి. కాస్మోస్‌లో ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి. చిటికెన వేలంత లేత చివరను, ఒక ఆకుల జంటకు కాస్త పైగా, గోటితో గిల్లేస్తే ఆ జంట మొదళ్లలో నిద్రపోతున్న రెండు మొగ్గలూ లేస్తాయి. ఒక్క కొమ్మ రెండవుతుంది. పూత వారం పది రోజులు వెనక్కి పోయినా, పూల సంఖ్య ఆ నష్టాన్ని ఎన్నో రెట్లు పూడుస్తుంది. ఆ తర్వాత పని వాడిన పూలను ఎప్పటికప్పుడు కోసేయడమే. గింజ కట్టనివ్వకపోతే మొక్క పూస్తూనే ఉంటుంది.

పువ్వంటే మన కంటికి కనిపించేది నిజానికి పూల గుత్తి. చుట్టూ ఉన్న ఎనిమిది రేకులూ గొడ్డువి, ఈగలనూ తేనెటీగలనూ పిలవడమే వాటి పని. గింజ కట్టేవి మధ్యలోని పసుపు బొట్టులో కిక్కిరిసిన చిట్టి పూలు. పైగా గులాబి కాస్మోస్ తన పుప్పొడితో తాను గింజ కట్టదు, పక్క మొక్క పుప్పొడి అందాలి. ఒంటరి మొక్కను కుండీలో పెట్టుకుని గింజలు రాలేదని బాధపడేవారికి కారణం ఇదే. కనీసం అయిదారు మొక్కలు దగ్గర దగ్గరగా ఉండాలి, పురుగుమందు కొట్టకూడదు. దోస, గుమ్మడి పాదుల పక్కన వేస్తే ఆ తేనెటీగలే వాటికీ పనికొస్తాయి. పేనుబంక కనిపిస్తే నీటిధారతో కడిగేయడం చాలు, మిగిలింది అక్షింతల పురుగులు చూసుకుంటాయి.

గింజ కోసం చివరి విడత పూలను కోయకుండా వదలాలి. రేకులు రాలాక మధ్య బొట్టు ఎండి, ఆకుపచ్చ గింజలు గోధుమరంగుకు, ఆపైన నలుపుకు తిరుగుతూ నక్షత్రంలా విచ్చుకుంటాయి. సన్నగా, వంకర తిరిగిన సూదుల్లా ఉండే ఆ గింజలు వేలితో తాకితే రాలిపోతే పక్వానికి వచ్చినట్టు. ఇంకా పట్టుకుని ఉంటే రెండు రోజులు ఆగాలి. మరీ ఆగితే గాలికో పిట్టలకో పోతాయి. మంచు ఆరాక కోసి, కాగితంపై నీడలో వారం ఆరబెట్టి, కాగితపు పొట్లంలో కట్టాలి. తడి ఉండగానే ప్లాస్టిక్ కవరులో పెడితే బూజు పడుతుంది.

నారింజ రేకులకు ఇంకో విలువ ఉంది, అద్దకం. పటిక పట్టించిన పట్టు, నూలు బట్టను ఈ పూలు మరిగించిన నీటిలో వేస్తే పసుపు నుంచి నారింజ దాకా రంగులొస్తాయి. చిటికెడు చాకలి సోడా కలిపితే రంగు ఎరుపు వైపు జరుగుతుంది. వాడిపోతున్న పూలను పారేయకుండా ఎండబెట్టి దాచుకున్నా పనికొస్తాయి.

మిద్దెతోటల వాళ్లు గింజలు పంచుకునే అలవాటు ఈ పూలకు బాగా నప్పింది. రంగులు కలగలిసి పెరిగిన మడి గింజల నుంచి వచ్చే మొక్కలు ఏ రంగు పూస్తాయో చెప్పలేం. తెల్లవే కావాలంటే మిగతా రంగుల మొక్కలను మొగ్గలో రంగు కనిపించగానే పీకేసి, తెల్లవాటినే ఒకచోట ఉంచి గింజ తీయాలి. ఆ పొట్లం మీద రకం, కోసిన నెల, ఏడాదితో పాటు ‘తెలుపు, విడిగా పెంచినది’ అని రాసి ఇస్తే తీసుకున్నవారికి ఏ మడిలో వేయాలో తెలుస్తుంది.