చివరి పేజీల చేతిపని

ఇబ్రహీంపట్నం చుట్టూ, సాగర్ రోడ్డు పొడవునా ఇంజనీరింగ్, ఫార్మసీ కాలేజీలే. వాటిలో జర్నల్‌కు వ్యాసం పంపబోయే ప్రతివాళ్లూ ముందు రెఫరెన్సులు సర్దాల్సిందే. ఈ పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు. నాకైతే చెప్పలేనంత గౌరవం. రెఫరెన్సులు రాసే వాంకూవర్ పద్ధతిలో ఇంటిపేరు ముందు, పొడి అక్షరాలు వెనక, వాటి మధ్య చుక్కలుండవు. రచయితలు ఆరుగురు దాటితే మొదటి ఆరుగురిని రాసి ‘తదితరులు’ అనాలి. సంవత్సరం తర్వాత సెమికోలన్, సంపుటం తర్వాత కోలన్, ఆపైన పేజీలు. నడుమ ఒక్క కొత్త రెఫరెన్సు దూరితే కింది రెఫరెన్సుల వరుస అంకెలన్నీ జరగాలి. ఆ జరపడం జొటెరో లాంటి సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. మన పేర్లలో ఇంటిపేరు ఏదో తేల్చాల్సింది మాత్రం మనిషే. జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావునే చూడండి. సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత వ్యాసానికి రెఫరెన్సుల్లో ఆయన ‘సుబ్బారో వై’. ఇంతటి ఇంటిపేరూ ఒక్క అక్షరమైపోయింది, పాపం! అభిమానం కొద్దీ ఆ పేరును దిద్దకుండా, సూచికల్లో ఉన్నట్టే ఉంచడం ఈ పనిలో అసలు నేర్పు. అలా ఉంచబట్టే జర్నల్ ఆఫ్ బయోలాజికల్ కెమిస్ట్రీ, 66వ సంపుటం, 375వ పేజీ అన్న ఒక్క వరస పట్టుకుని ఇక్కడి షేరిగూడ కాలేజీ విద్యార్థిని ఆ వ్యాసాన్ని నేరుగా తెరిచి చదువుకోగలదు.