లింఫోసైటుల లెక్క : రక్తపరీక్ష పత్రముపై ఒక విమర్శ

అనంతపురము పీఠభూమిలోని ధర్మవరము, కదిరి, కల్యాణదుర్గము వంటి పట్టణములలో రక్తపరీక్ష నేడు అపురూపమైన విషయము కాదు. పరీక్ష పత్రములో “లింఫోసైటులు 46 శాతము” అని ఉండును. ప్రక్కన “20–40” అను హద్దు, హద్దు దాటినట్లు ఒక నల్లని గుర్తు. కూలి డబ్బుతో పరీక్ష చేయించుకొన్నవాడు ఆ గుర్తును చూచి హడలిపోవును. గుర్తు లేనివాడు నిశ్చింతగా ఇంటికి పోవును. ఈ రెండును పొరపాటు కావచ్చును. దోషము రోగిది కాదు. పత్రము కూర్చిన తీరుది.

లింఫోసైటులు తెల్ల రక్తకణములలో ఒక జాతి. వాని శాతమనగా తెల్ల కణములలో వాని వాటా మాత్రమే, సంఖ్య కాదు. చెరువు నిండినప్పటి పావువంతు వేరు, అడుగంటినప్పటి పావువంతు వేరు. ఈ సంగతి కరవు సీమవారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. పెద్దవారి రక్తములో ఘన మిల్లీమీటరుకు సుమారు 1,000 మొదలు 4,000 వరకు లింఫోసైటులు ఉండును. ఒకనికి మొత్తము తెల్ల కణములు 3,000, లింఫోసైటులు 30 శాతము అనుకొందురు గాక. శాతము హద్దులోనే ఉన్నది; కాని సంఖ్య 900 మాత్రమే, అనగా కొరత. మరియొకనికి మొత్తము 4,000, లింఫోసైటులు 60 శాతము. గుర్తు పడును; కాని సంఖ్య 2,400, సహజమే. అతనికి నిజముగా తగ్గినవి న్యూట్రోఫిలులు. పత్రము వేలెత్తి చూపినది ఒకదానిని, లోపమున్నది వేరొకదానియందు! యంత్రముతో లెక్కించు ప్రయోగశాలలు కొన్ని సంఖ్యను కూడ అచ్చువేయుచున్నవి. అది మెచ్చదగిన పని. అన్ని పత్రములలోను అట్లే ఉండవలెను.

రెండవ లోపము లెక్కకు సంబంధించినది. సూక్ష్మదర్శినితో చేయు పరీక్షలో సాధారణముగా 100 తెల్ల కణములను మాత్రమే లెక్కింతురు. 400 తెల్ల కందులు, 600 ఎఱ్ఱ కందులు బాగుగా కలిపి, చూడకుండ 100 గింజలు తీసి లెక్కించినచో ప్రతిసారి తెల్లవి 40 రావు. 30 మొదలు 50 వరకు ఎంతైనను రావచ్చును. కణముల విషయమును అంతియే. పోయిన వారము 38, ఈ వారము 45 వచ్చినంత మాత్రమున వ్యాధి పెరిగినదనుట తొందరపాటు. పత్రము ఈ అనిశ్చయమును ఎచ్చటను తెలుపదు.

ఇక హద్దుల మాట. ఆరోగ్యవంతులలో నూటికి 95 మంది విలువలు ఇమిడునట్లు వానిని నిర్ణయింతురు. కావున ఆరోగ్యవంతులలోనే ఇరువదిమందికి ఒకడు హద్దు దాటును. మరియు రెండు మూడేండ్ల పిల్లలలో లింఫోసైటులు 50, 60 శాతము ఉండుట సహజము. పెద్దల హద్దును పిల్లవాని పత్రముపై అచ్చువేయుట తల్లిదండ్రులను వృథాగా బెదరించుటయే.

లెక్క సరిగా ఉన్నను మరియొక లోటు కలదు. లింఫోసైటులన్నియు ఒకే పని చేయవు. బి-కణములనుండి ప్రతిరక్షకములు పుట్టును, టి-కణములలో సి.డి.4 అను జాతి తక్కిన రక్షక కణములను నడిపించును. హెచ్.ఐ.వి. ముఖ్యముగా ఈ సి.డి.4 కణములనే నాశనము చేయును. కాని సామాన్య పరీక్షలో ఇవన్నియు ఒకే రూపున కన్పట్టును. సి.డి.4 లెక్కింపు సౌకర్యము లేని చోట్ల, వ్యాధి లక్షణములు గలవారిలో మొత్తము లింఫోసైటులు 1,200కు మించనిచో చికిత్స ప్రారంభింపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో సూచించినది. అది గత్యంతరము లేని సర్దుబాటు. మొత్తము సంఖ్య తగినంత ఉండగనే సి.డి.4 కణములు ప్రమాదకరమైన 200కు దిగువకు పోవచ్చును.

1969లో అనంతపురములో ఆరంభమైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారి ఆసుపత్రి బత్తలపల్లిలో కలదు. ఆ ఊరు 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. అచ్చటి వైద్యులు హెచ్.ఐ.వి. రోగులను ఏండ్ల తరబడి పరిశీలించి ప్రచురించిన వ్యాసములనుబట్టి, అనేకులు సి.డి.4 కణములు మిక్కిలి తగ్గిన పిదపనే చికిత్సకు వచ్చిరి. 2017 నుండి భారతదేశమున సి.డి.4 సంఖ్య ఎంతయున్నను హెచ్.ఐ.వి. సోకినవారందరు చికిత్సకు అర్హులు. కావున అనుమానము కలిగినపుడు లింఫోసైటుల వరుస చూచి తృప్తిపడరాదు, హెచ్.ఐ.వి. పరీక్షయే చేయించుకొనవలెను.

ఇంతమాత్రమున రక్తపరీక్ష నిరర్థకము కాదు. అది వైద్యునికి సాక్ష్యము, తీర్పు కాదు. మొత్తము తెల్ల కణములను లింఫోసైటుల శాతముతో గుణించి 100చే భాగించుట ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసిన లెక్కయే. ఉపాధ్యాయులు కందుల ప్రయోగముతో పాటు ఈ లెక్కను తరగతిలో ఒకసారి చేయించినచో, ఇంటికి వచ్చిన పరీక్ష పత్రమును చూచి ఉత్తపుణ్యమునకు బెదరక, వైద్యుని అడుగవలసిన ప్రశ్న ఏదో ఆ పిల్లలు పెద్దలకు చెప్పగలరు.