ప్రోగ్రాము వ్రాయువారు: ఒకరా, పదుగురా?

పదిమంది కూలీలు ఆరు దినములలో త్రవ్విన కాలువను ఇరువదిమంది మూడు దినములలో త్రవ్వుదురని అంకగణిత పుస్తకములు చెప్పును. కంప్యూటరు ప్రోగ్రాముల విషయమున ఈ లెక్క చెల్లదని చూపిన గ్రంథము ఫ్రెడరిక్ బ్రూక్సు 1975లో ప్రకటించిన ‘ది మిథికల్ మ్యాన్-మంత్’. మనుష్యులను నెలలతో హెచ్చవేసి పనిని కొలుచుట ఒట్టి కల్పన యని ఆ పేరునకు భావము.

ఐ.బి.ఎం. సంస్థలో ఓ.ఎస్./360 అను బృహత్తర ప్రోగ్రాము నిర్మాణమును నడిపిన అనుభవముతో ఆయన దీనిని వ్రాసెను. అయిదుగురు కలసి పనిచేసినచో పరస్పరము మాట్లాడుకొనవలసిన జంటలు 10, పదిమందియైనచో 45, ఏబదిమందియైనచో 1225. అందుచేత ఆలస్యమైన పనికి క్రొత్తవారిని చేర్చినచో అది మరింత ఆలస్యమగును. సంయోగముల పాఠమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుట అరుదు.

ఇంతవరకు గ్రంథము తిరుగులేనిది. చిక్కు తరువాత వచ్చుచున్నది. ప్రోగ్రామున భావైక్యము ఉండవలెననియు, అది ఒకరిద్దరి మనస్సునుండియే పుట్టవలెననియు బ్రూక్సు వాదము. పెద్దపని ఒకరిద్దరివలన కాదు గనుక, రూపకల్పన చేయువారు వేరుగను, దానిని ప్రోగ్రాముగా వ్రాయువారు వేరుగను ఉండవలెనని ఆయన చూపిన ఉపాయము. పాఠశాలలో విద్యార్థులను జట్లుగా కూర్చినప్పుడు జరుగునదియు తరచుగా ఇదే. చురుకైనవాడు ఆలోచించును, తక్కినవారు వ్రాయుదురు.

అంతకుముందు లేని వస్తువును సృష్టించునపుడు ఈ విభజన నిలుచునా? స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డు నూత్ అనుభవము వేరుగా ఉన్నది. 1977లో తన గ్రంథపు ప్రూఫులలో అక్షరముల వికారమును చూచి సహింపలేక, గణిత గ్రంథములను చక్కగా కూర్చు ‘టెక్’ అను ప్రోగ్రామును ఆయన సంకల్పించెను. రూపకల్పన వ్రాసి, ఆ వేసవిలో మైకేల్ ప్లాస్, ఫ్రాంక్ లియాంగ్ అను ఇద్దరు శిష్యులకు అప్పగించెను. వారు సమర్థులే, ఒక నమూనాను సిద్ధపరచిరి. తరువాత తానే వ్రాయ మొదలిడినప్పుడుగాని గురువునకు వారి కష్టము తెలియలేదు. అడుగడుగునా రూపకల్పనలో లేని ప్రశ్న ఎదురగును. దానికి జవాబు సంకల్పించినవాడే చెప్పవలెను. 1989లో వెలువడిన ‘ది ఎర్రర్స్ ఆఫ్ టెక్’ అను వ్యాసమున నూత్ దీనిని దాపరికము లేక చెప్పెను. దొరలిన తప్పుల పట్టికయు అందు కలదు! విద్యార్థులు బ్రూక్సు గ్రంథముతోపాటు ఈ వ్యాసమును గూడ చదువుట మేలు.

అట్లని నూత్ ఒంటరిగా సాధించెననుట సరికాదు. టెక్‌లో తప్పు పట్టినవారికి ఆయన ప్రకటించిన బహుమానము ఏటేటా రెట్టింపగుచు 327.68 డాలర్లవద్ద ఆగినది. వ్రాసిన చేయి ఒకటి. వెదకిన కన్నులు వేలు. ఇట్టి తోడ్పాటునకు బ్రూక్సు పథకమున చోటు చాలదు. హార్లన్ మిల్స్ నుండి ఆయన గ్రహించిన ‘శస్త్రవైద్య బృందము’లో పదిమంది ఉందురు, ఒకడు శస్త్రకారుడు, తక్కినవారు ఆతని పనికి తోడు. ఆ తోడునిలిచినవారు స్వతంత్రముగా ఎదుగు మార్గముపై గ్రంథకర్త దృష్టి స్వల్పము.

నూత్ శిష్యుడు లియాంగ్ మాత్రము ఎదిగెను. పంక్తి చివర మాటను ఎచ్చట విరువవలెనో నిర్ణయించు పద్ధతిపై 1983లో పరిశోధన గ్రంథము సమర్పించెను. టెక్ ఆ పద్ధతినే స్వీకరించినది. తెలుగు మాటలను విరుచు నియమపట్టికయు నేడు ఆ పద్ధతిలోనే కూర్చబడి, టెక్‌తో లభించుచున్నది.